ఉయ్యాల గది

మా అక్క ఒకటి అడిగిందంటే ఇచ్చేదాకా వదిలేది కాదు. చిన్నప్పుడు పీర్ల పండక్కి నాయనతో గాజులు అట్లనే సాధించుకునింది. పెండ్లయినాక బావతో సీజను మూన్నెల్లూ పుట్టింట్లోనే ఉంటానని అట్లనే ఒప్పించుకునింది. ఆ గుణమే ఆదోని పత్తి జిన్ను ఫ్యాక్టరీలో ఆడోళ్లకు ఒక గది తెచ్చిపెట్టింది. ఆ గదే అక్కను ఫ్యాక్టరీ బయటికి నెట్టింది. ఇప్పటికీ తలచుకుంటే నా మనసు ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు. అందుకే చెప్తాండాను.

మేము దూదేకులోళ్లం. మా నాయన విల్లు భుజానేసుకుని వీధులెంబడి తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తాతల కాలంలో పత్తి మా ఇంటికే వచ్చేదంట. మా కాలానికి మేమే పత్తి యాడుంటే ఆడికి పోవాల్సి వచ్చె. అప్పట్లో ఆదోనిలో యాడ జూసినా జిన్నులే. దీపావళి దాటితే చాలు, పత్తి బండ్లు, లారీలు రోడ్డు పొడుగునా నిలబడేవి. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు నేనూ అక్కతో కూడా పనికి పోను మొదలుపెట్టినాను. నాకు పెండ్లి కాలేదు. అక్కకు అప్పటికే చంకలో కొడుకు. బావది ఎమ్మిగనూరు, మగ్గం పని. నూలు దొరికితే పని, దొరక్కపోతే లేదు. కాబట్టి అక్క కూలి మీదనే వాళ్ల కుండ ఉడికేది.

పనేమంటే జిన్ను మిషన్ల ముందర వరసగా కూచుని వాటికి పత్తి తినిపించాల. అది మింగి దూది ఒక పక్క, గింజలు ఒక పక్క కక్కేది. నూగు ముక్కుల్లో, కండ్లల్లో, సద్దిమూటల్లో పడేది. సాయంత్రం ఇంటికి పోతే అమ్మ మమ్మల్ని చూసి, ముసలోళ్లయి వచ్చినారా అని నవ్వేది. తలలు అట్ల తెల్లగుండేవి.

మరి పాలు తాగే బిడ్డల్ని యాడ పెట్టాల? గేటు లోపల గోడ వారన రేకుల పంచ ఒకటుండె. ఆ పంచ గుంజలకు పాత చీరలు కట్టి ఉయ్యాలలు ఏసేవాళ్లు. బిడ్డల్ని చూసుకునే దానికి ఒక అవ్వ ఉండె. ఆమెకు ముందూ ఎనకా ఎవురూ లేరు, రాత్రీ పగలూ ఆ పంచలోనే పడుండేది. మేమంతా మా మూటల్లోనుంచి తలా ఇంత జొన్నరొట్టె తుంచి ఇస్తాంటిమి. బిడ్డ ఏడిస్తే ఊపేది. ఊపినా ఊరుకోకపోతే ఆవగింజంత నల్లమందు నాకించేది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవురూ ఎత్తరు. మధ్యాన్నం సైరను కూస్తే తల్లులంతా పంచకు ఉరికి, పాలిచ్చి, నోట్లో ముద్ద పెట్టుకుంటానే మళ్లా మిషన్ల కాడికి ఉరికేవాళ్లు. మంచిదో చెడ్డదో, దినం గడిచిపోయేది.

ఒక దినం అవ్వకు జ్వరం. అక్క కొడుకును తీసకపోయి తన పక్కనే పత్తి కుప్ప వారన పండబెట్టుకునింది. మిగతా తల్లులు కొందరు బిడ్డల్ని చూసేవాళ్లు లేరని ఆ దినం పని ఇడిసి ఎనక్కు పోయినారు. మేస్త్రీ కేకలేసినాడని కూలోళ్లు బండి తెచ్చి ఆ కుప్ప మీదనే కుమ్మరించినారు. ఆడ బిడ్డ ఉన్నాడని వాళ్లకేం తెలుసు? అక్క కుక్క మన్ను గోకినట్ల రెండు చేతులా పత్తి గోకింది. బిడ్డను బయటికి తీసేసరికి మూతి నీలమయింది. అవ్వ జ్వరంలోనే లేచొచ్చి వాని వీపు చరిచి చరిచి ఊపిరి తెప్పించింది. వాడు బతికినాడు గాని, ఆ పొద్దు పట్టుకున్న ఆయాసం వాణ్ణి విడిచిపోలేదు. చలికాలం వస్తే ఈ పొద్దుకీ పిల్లికూతలే.

ఆ దినం నుంచి అక్కకు ఒకటే పట్టు. గేటు బయట టీ బంకు కాడ ఎర్రజెండా యూనియన్ అన్న ఒకాయన సాయంత్రాలు నిలబడేవాడు. సన్నగా, ఎప్పుడూ దగ్గుతా ఉండేవాడు, మంచోడు. ఇంతమంది ఆడోళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో బిడ్డలకు గది కట్టించాల్నని చట్టమే ఉందని ఆయన చెప్పినాడు. చట్టంలో ఉంటే మరి ఎందుకు లేదని అక్క అడిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదు గదమ్మా అన్నాడాయన. ఆ మాట అక్కకు బాగా పట్టుకునింది. కలుపులో, కుళాయి కాడ, పీర్ల గుండం కాడ, యాడ నలుగురు ఆడోళ్లు కలిస్తే ఆడ ఇదే మాట.

ఆ ఏడే కూలి పెంచాల్నని యూనియన్ వాళ్లు పని నిలబెట్టినారు. మగోళ్లు కూలి సంగతి మాట్లాడుకున్నారే గాని, గది మాట ఎత్తితే నవ్వినారు. అక్క ఊరుకుంటుందా? బిడ్డ తల్లులందర్నీ పోగేసి గేటుకు అడ్డంగా కూచోబెట్టింది. ఒడిలో బిడ్డలు, నెత్తిన ఎండ. పత్తి లారీలు లోపలికి పోలేక బయటికి రాలేక రోడ్డు మీద నిలిచిపోయినాయి. పోలీసోళ్లు వచ్చినారు గాని, పాలిస్తా కూచున్న ఆడదాన్ని ఎట్ల లాగుతారు? తల తిప్పుకుని పోయినారు. నేను అక్క ఎనకాల నిలబడి దాని కొడుకును ఎత్తుకుని, రాణిగారికి చామరం ఇసిరేదాని మాదిరి తువ్వాలతో ఇసురుతా ఉంటి. అంత గర్వం నాకు మళ్లా ఎప్పుడూ కలగలేదు, నా పెండ్లి దినం గూడా.

ఫ్యాక్టరీ సావుకారి దిగొచ్చినాడు. కూలి అడిగినంత పెంచలేదు గాని, గదికి మాత్రం ఎంటనే సరే అన్నాడు. అంత సులువుగా ఎందుకొప్పుకున్నాడో మాలో ఒక్కదానికీ తట్టలేదు. అక్కకు గూడా తట్టలేదు. పాడు సంతోషం, కండ్లు మూసేసింది.

రేకుల పంచ పెరికేసి ఆడనే గది లేపినారు. సున్నం కొట్టినారు, కిటికీలు పెట్టినారు. నడిమధ్య ఇనుప గొలుసులకు కొత్త చెక్క ఉయ్యాల. మిగతా ఉయ్యాలలు వచ్చే సీజనుకు తెప్పిస్తామన్నారు. పంచ పోయినాక అవ్వకు తావు లేకపాయె. గదిలో చూసుకునేదానికి చదువుకున్న ఆయమ్మను పెడతారంట, నల్లమందు పెట్టే ముసలిది పనికిరాదంట. మేమూ గది మురిపెంలో పడి, అవ్వ మూట సర్దుకునే దినం ఎవురమూ దగ్గర లేము. తర్వాత ఎవురో మంత్రాలయంలో మఠం కాడ అన్నం వరసలో చూసినామన్నారు. ఉండొచ్చు.

గది తెరిచేసరికి సీజను ముగిసిపోతా ఉండె. కర్నూలు నుంచి ఆఫీసరు వచ్చినాడు, ఫోటో తీసే మనిషి వచ్చినాడు. అక్కకు అప్పుడు మళ్లా నెలలు. మా అమ్మతో సహా ఇండ్లకాడి ముసలోళ్లు గూడా చూసేదానికి వచ్చిండ్రి. ఫోటో కోసమని సావుకారి నవ్వుతా ఉయ్యాల పట్టుకుని ఊపినాడు. ఒట్టి ఉయ్యాల. ఆడోళ్లంతా బిడ్డల్ని ఎదకు అదుముకున్నారు. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డలకు కీడని మాలో పాలు తాగే బిడ్డకు గూడా తెలుసు. ఆయనకు తెలీదో, తెలిసినా లెక్క లేదో.

అక్క బయటికి పోయింది. మా ఇల్లు దగ్గరే. ఊరిబిండి నూరే గుండ్రాయి కడిగి, పసుపు రాసి, పాత గుడ్డలో చుట్టి ఎత్తుకొచ్చింది. బిడ్డను తొట్లో ఏసేముందు గుండ్రాయిని పండబెట్టేది మాలో ఉన్న వాడికే. కీడేమన్నా ఉంటే రాయికి పోతుందని. అక్క ఆ రాయిని ఉయ్యాల్లో పండబెట్టింది, ఆడోళ్లు జోల ఎత్తుకున్నారు. నిజం బిడ్డ వచ్చేదాకా దీన్ని తియ్యగూడదని అమ్మ అందరికీ చెప్పింది. ఆ సందట్లో మేస్త్రీ ఊరుకోక, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంట అని ఎటకారం చేసినాడు. అక్క కడుపు మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఆలూ ఉంది, సూలూ ఉంది. నీకే కండ్లు లేవు."

ఆఫీసరుతో సహా అందరూ నవ్వినారు. రెండు దినాలకు సీజను అయిపోయె, గదికి తాళం పడె. గుండ్రాయి లోపలే ఉండిపాయె. ఇంట్లో సన్నెకల్లు ఒంటిదయిపోయి, అమ్మ ఊరిబిండి నూరాలంటే పక్కింటి రాయి అడుక్కునేది. నీ గది సల్లగుండ, నా గుండ్రాయి మింగింది అని అక్కను తిట్టేది. తిడతానే నవ్వేది.

వానకాలంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, గట్టిగా ఏడ్చే బిడ్డ. మొదటోడికి పత్తి దుమ్ము రాసిపెట్టి ఉండె గాని, దీనికి సున్నం కొట్టిన గది రాసిపెట్టి ఉందని అక్క అందరితో చెప్పుకునింది. ఎమ్మిగనూరు నుంచి బావ పిల్లకని తన మగ్గం మీద నేసిన చిన్న దుప్పటి తెచ్చినాడు. ఉయ్యాల్లో పరిచేదానికి కొలత అడిగి మరీ నేసినాడు.

దీపావళి దాటింది. పని మొదలయ్యే పొద్దు గేటు కాడ నిలబడితిమి. మేస్త్రీ మామూలుగా ముఖాలు చూసి లోపలికి పంపేవాడు. ఆ పొద్దు మాత్రం ఒక్కొక్కర్ని ఆపి, పాలు తాగే బిడ్డుందా అని అడగబట్టినాడు. ఉందన్నోళ్లను పక్కకు నిలబడమన్నాడు. గదికి చెయ్యాల్సినవన్నీ చేస్తాండారు గామోసు, బిడ్డల లెక్క చూస్తాండారని మేమనుకుంటిమి. పక్కకు నిలబడినోళ్లు పోయినేడు గేటు కాడ కూచున్నోళ్లే. సంతోషంగా బిడ్డల్ని ఎత్తి చూపించినారు గూడా. అందరూ అయినాక, మీకు పని లేదు, ఇంటికి పోండని చెప్పినాడు.

మొత్తం ఎవురిని తీసుకున్నారంటే పెండ్లి గాని పిల్లల్ని, పిల్లలు పెద్దయిన నడివయసోళ్లను. బిడ్డే లేకపోతే గది తెరవాల్సిన పని లేదు, ఆయమ్మకు జీతం ఇయ్యాల్సిన పని లేదు. గది మాత్రం కాగితం మీద ఉంటుంది. యూనియన్ అన్న కాడికి ఉరికితిమి. ఆయన తల వంచుకుని, సీజను పనికి ఎవురిని తీసుకోవాల్నో సావుకారి ఇష్టమని, గది కట్టమని చట్టముంది గాని బిడ్డ తల్లిని పెట్టుకోమని లేదని చెప్పినాడు. అర్జీలు రాసినాడు, కర్నూలుకు తిరిగినాడు. పాపం, చెప్పులరిగిందే మిగిలింది.

అక్క ఆ దినం గేటు దాకా రాలేదు. పిల్లకు ఒళ్లు ఎచ్చగుంటే ఇంట్లో ఉండిపోయింది. నేను పోయి జరిగింది చెప్పినాను. ఇంట్లో బియ్యం అయిపోయిండె, బావకు నూలు లేక నెల దాటె, కొడుకు ఆయాసానికి మందులు. రేపు నేను పోతా, పాలు మాన్పించినానని చెప్తా అనింది అక్క. అమ్మ ఒకటే మాట చెప్పింది.

"ఏమన్నా సెప్పుకో గాని, బిడ్డ లేదని మాత్రం నోటితో అనొద్దు తల్లీ."

మరుసటి దినం గేటు కాడ మేస్త్రీ అడిగినప్పుడు పాలు మాన్పించినానని చెప్పింది. వాడు నమ్మలేదు. బిడ్డ ఉందా లేదా అని గుచ్చి అడిగినాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. లేదు, బిడ్డ నిలబడలేదు అనింది. ఆ మాట నేను చెవులారా వింటిని. అమ్మకు చెప్పలేదు, ఆమె పోయేదాకా చెప్పలేదు.

పిల్లకు అమ్మ మేకపాలు కాచి, దూది వత్తి ముంచి నోట్లో పిండేది. అది ఉమ్మేసేది, ఏడ్చేది, ఏడ్చి ఏడ్చి పండుకునేది. అక్క పొద్దున పాలిచ్చి, రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుని వచ్చేది. రెండు మూడు దినాలు ఎట్లనో గడిచినాయి. తర్వాతి దినం మధ్యాన్నం సైరను కూసింది. ఆ కూత వింటే పంచకు ఉరికే అలవాటు గదా. అక్క మనసు అదుముకునింది గాని ఒళ్లు అదుముకోలేకపాయె. కట్టిన గుడ్డ దాటి, రవిక దాటి పాలు వచ్చేసినాయి. కొంగు కప్పుకునింది. జిన్ను ముందర కొంగు నిలుస్తుందా? ఎగిరే నూగంతా ఆ తడికి అంటుకునింది. చూస్తా ఉండంగానే రవిక మీద రెండు పక్కలా తెల్లగా దూది మందంగా పేరుకునింది. తుడిచేకొద్దీ అంటుకునింది. నేను అడ్డంగా పోయి నిలబడితే గూడా మేస్త్రీ చూడనే చూసినాడు.

వాడు కేకలెయ్యలేదు. వానికీ ఇంట్లో ఆడోళ్లు ఉన్నారు. బిడ్డ లేదంటివి గదమ్మా అని మెల్లిగా అడిగినాడు. అక్క లేచి నిలబడింది.

"బిడ్డ ఉంది. గదీ ఉంది. తాళం తియ్యి, తెచ్చుకుంటా."

తాళంచెవి సావుకారి బంగళాలో ఉందన్నాడు మేస్త్రీ. అక్క నడుచుకుంటా గది కాడికి పోయింది. మిషన్లు నిలిచిన టైము, అందరూ చూస్తాండారు. తాళం పట్టుకుని ఒకసారి గుంజింది. తలుపు సందులోనుంచి లోపలికి చూసింది. దూది అంటుకున్న ఆ రవికతోనే తలుపుకు ఆనుకుని నిలబడింది. ఏడ్వలేదు. ఏడ్చింటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను మూట తీసుకుని దాని ఎంబడి పోబోతి. అక్క నా రెక్క పట్టి ఎనక్కు తిప్పింది. ఇద్దరం పోతే పొయ్యిలో పిల్లి లేస్తుందా, పోయి కూచో అనింది. చుట్టూ చూసినాను, ఎవురన్నా లేస్తారేమోనని. లేచేదానికి ఎవురున్నారు? పోయినేడు లేచినోళ్లంతా బయట ఉన్నారు. లోపల ఉన్నది నా అట్లాంటి పిల్లలు, నడుములు పడిపోయిన నడివయసోళ్లు. మేస్త్రీ నన్ను అక్క తావులో కూచోమన్నాడు. అక్క కూచున్న గోనెపట్ట ఇంకా ఎచ్చగా ఉండె.

ఇంతటితో అయిపోతే ఏమో. కుళాయి కాడ పని పోయిన తల్లులు అక్కను నిలబెట్టి కడిగేసినారు. అవ్వ కింద ఎట్లో గడిచిపోతాండె, నీకే గది గావాల్సి వచ్చె, ఉన్నదీ పాయె ఉంచుకున్నదీ పాయె అన్నారు. నేను ఊరుకుంటానా? గేటు కాడ కూచునేటప్పుడు మీ కాళ్లేమన్నా అక్క కట్టేసిందా, అంత కడుపుమంటగా ఉంటే నల్లమందు తినిపిచ్చుకోపోండి మీ బిడ్డలకు అని బిందె ఎత్తి కింద కొడితి. అక్క మాత్రం ఒక్క మాట అనలేదు. ఎంత నోరున్న మనిషి! కుళాయి కింద బిందె నిండిపోయి పొర్లుతా ఉంటే దాన్నే చూస్తా నిలబడింది. ఆ పొద్దు పోయిన నోరు మళ్లా తిరిగి రాలేదు. నాకు అన్నిటికన్నా అదే దిగులు. కూలి యాడన్నా దొరుకుతుంది, నోరు యాడ దొరుకుతుంది?

ఆ నెల్లోనే అక్క పిల్లల్ని తీసుకుని ఎమ్మిగనూరుకు పోయింది. ఆడ ఇంట్లో కూచుని మగ్గాలకు నూలు కండెలు చుట్టబట్టింది. దినమంతా రాట్నం తిప్పితే జిన్నులో వచ్చే కూలిలో సగం గూడా రాదు. ఒక్కటే, బిడ్డ ఒళ్లోనే ఉంటుంది. అమ్మ మాత్రం చచ్చేదాకా, ఆ సావుకారి ఒట్టి ఉయ్యాల ఊపినందుకే ఇట్లయిందనేది. నేను కాదనేదాన్ని. ఆయన ఊపకపోయినా ఇదే జరుగుతాండె. ఆయనకు కీడు అంటే భయం లేదు, ఖర్చంటేనే భయం.

నాకు పెండ్లయి బిడ్డ పుట్టిన ఏడు నన్నూ గేటు కాడ అదే మాట అడిగినారు. ఉందని చెప్పి ఎనక్కొచ్చినాను. ఇంకా కొన్నేండ్లకు ఆ ఫ్యాక్టరీనే మూతపడె. మిషన్లు తుక్కు కింద అమ్ముతాండారంటే, మిగిలిన దూది ఏమన్నా పరుపులకు దొరుకుతుందేమోనని మా ఇంటాయనతో పాటు పోయినాను. గది తలుపు బార్లా తెరిచిండ్రి. లోపల పాత గోనెలు, నూనె డబ్బాలు. ఆ గోనెలు ఈడ్చేస్తే ఎనకాల ఉయ్యాల. గొలుసులు తుప్పు పట్టినాయి. లోపల చిమటలు కొట్టిన గుడ్డలో చుట్టి, మా అమ్మ గుండ్రాయి. పసుపు గూడా అక్కడక్కడ ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, రాయే కదా, తీసకపొమ్మన్నాడు.

మరుసటి దినం దాన్ని ఒడిలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కినాను. అక్క ఇంట్లో రాట్నం కాడ కూతురు కూచుని ఉండె. పలక పట్టుకోవాల్సిన వయసు. సన్నటి చేతులతో చకచకా కండె చుడతాండాది. అక్క నూలు చిక్కు తీస్తాండె. నేను గుడ్డ విప్పి రాయి దాని ఒళ్లో పెట్టినాను. అక్క చూసిన ఎంటనే గుర్తుపట్టింది. దుమ్ము తుడిచింది. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తనకే తెలీకుండా మోచేతి మీదికి పొదువుకునింది. పిల్ల రాట్నం ఆపి, అదేందమ్మా అని అడిగింది.

"నీ కోసరం ఒక ఉయ్యాల కొట్లాడి తెచ్చినానమ్మా," అనింది అక్క. "దాంట్లో ఇది పండుకునింది."

పిల్లకు అర్థం కాలేదు. నావైపు చూసి నవ్వింది. అక్క రాయిని గోడ వారన పెట్టి, మీ నాయన మగ్గం కాడ కండెల కోసరం కాసుకోనుంటాడు, ఆపొద్దు, తిప్పమని చెప్పింది. పిల్ల మళ్లా రాట్నం తిప్పింది.